క్యాష్ తుడవడానికి ఒక వేళ ఉంది

ఎడిటింగ్ చేసే కంప్యూటర్‌లో సీ డ్రైవ్ నిండిపోయి దాని గీత ఎర్రబడిన రోజున క్యాష్ జోలికి, అంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తన సౌకర్యం కోసం రాసి పెట్టుకునే ఫైళ్ల జోలికి, పోకూడదని నేను గట్టిగా నమ్ముతాను. ఈ మాట అన్నప్పుడల్లా మా ఊళ్లో నాతోపాటు ఈ పని చేసేవాళ్లు, ఎర్రబడినప్పుడు కాకపోతే ఇంకెప్పుడు తుడుస్తావని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే అది. కడపలో ఏడు రోడ్ల కూడలికి దగ్గరగా, ఒక మేడమీది గదిలో పద్నాలుగేళ్లుగా పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తున్న నేను ఆ ప్రశ్నకు నిలబడి రెండు ముక్కల్లో జవాబు చెప్పలేకపోయాను కాబట్టి, కూర్చుని వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మా పని లగ్నాలను బట్టి నడుస్తుంది. మాఘం వచ్చిందంటే, మధ్యలో మూఢం పడితే తప్ప, వైశాఖం దాటేదాకా ఊపిరి సలపదు. మా వైపు పెళ్లిలో ముందురోజు సాయంత్రం రిసెప్షన్ ఉంటుంది, ముహూర్తం చాలాసార్లు తెల్లవారుజామున ఉంటుంది, అప్పగింతలు అయ్యేసరికి మళ్లీ ఎండ నెత్తికెక్కుతుంది. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున 4కే రికార్డు చేసే కెమెరా గంటకు 45 జీబీ రాస్తుంది. అలాంటివి రెండు కెమెరాలు ఐదేసి గంటలు తిరిగితే ఒక్క పెళ్లికే 450 జీబీ అవుతుంది. ఇది అందరికీ తెలిసిన లెక్కే గనుక, దానికి తగిన హార్డ్ డిస్కులు ముందే కొని పెట్టుకుంటాం. కార్డులు ఖాళీ చేసేటప్పుడు రెండు డిస్కుల్లోకి డంప్ చేసుకుంటాం. మనం గమనించనిది, ఆ ఫుటేజ్‌ను టైమ్‌లైన్ మీదికి, అంటే క్లిప్పులను వరుసగా పేర్చుకునే పట్టీ మీదికి, లాగిన క్షణం నుంచి సాఫ్ట్‌వేర్ మనల్ని అడగకుండా సీ డ్రైవ్‌లో రాసుకుంటూ పోయే రెండో లెక్క.

నిన్న రాత్రి ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్యాష్ ఫోల్డర్‌ను తెరిచి, ఫైళ్లను సైజు ప్రకారం పేర్చి చూశాను. విండోస్‌లో అది మామూలుగా సీ డ్రైవ్‌లో యూజర్ పేరు కింద, కనబడకుండా దాచి ఉంచే యాప్‌డేటా అనే ఫోల్డర్ లోపల ఉంటుంది. కెమెరా ఇచ్చిన క్లిప్పు పేరు, దాని పక్కన 48000 అనే అంకె, చివర సీఎఫ్ఏ అన్న మూడక్షరాల తోక కలిసిన ఫైళ్లు తెర నిండా వరుసగా నిలబడ్డాయి. వాటి కింద అవే పేర్లతో, పీఈకే అన్న తోకతో చిన్న ఫైళ్లున్నాయి. సీఎఫ్ఏ ఫైలు మన క్లిప్పులోని శబ్దానికి సాఫ్ట్‌వేర్ తన సౌకర్యం కోసం విప్పి రాసుకున్న ప్రతి. పీఈకే ఫైలు టైమ్‌లైన్ మీద మనకు కనిపించే శబ్దతరంగాల బొమ్మకు ఆధారం. శబ్దాన్ని సెకనుకు 48,000 నమూనాలుగా, ఒక్కో నమూనాకు 32 బిట్లుగా, ఎడమకూ కుడికీ విడివిడిగా రాసుకుంటుంది కాబట్టి గంట స్టీరియో శబ్దానికి సుమారు 1.4 జీబీ పడుతుంది. పైన చెప్పిన పది గంటల ఫుటేజ్‌కు అది 14 జీబీ అవుతుంది. సీజన్‌లో పది పెళ్లిళ్లు చేసేవాడికి, ఒక్క శబ్దం కోసమే 140 జీబీ తెలియకుండా వెళ్లిపోతుంది. బెంగళూరు ఎస్పీ రోడ్డులో భాగాలు కొని, ఇక్కడ బిగించుకున్న మా మెషీన్లలో సీ డ్రైవ్‌గా ఉండే ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లేలు లేని కొత్తరకం డిస్కు) చాలావరకు 500 జీబీదే.

రెండర్ చేసిన, అంటే సాఫ్ట్‌వేర్ చేత ముందే తయారు చేయించి ఉంచుకున్న, ప్రివ్యూలు ఇంకా పెద్దవి. టైమ్‌లైన్ ఆగకుండా ఆడాలని మనం ఎంటర్ కొట్టినప్పుడు తయారయ్యే ఫైళ్లు ఇవి. ప్రివ్యూ ఫార్మాట్‌గా ప్రోరెస్ 422 పెట్టుకుంటే, సెకనుకు 25 ఫ్రేముల ఫుల్ హెచ్‌డీలో గంటకు దాదాపు 55 జీబీ అవుతుంది. రెండున్నర గంటల పెళ్లి వీడియోను మొదటి నుంచి చివరిదాకా రెండర్ చేసి ఉంచితే ఎంతవుతుందో ఎవరికి వారే లెక్క వేసుకోవచ్చు.

అసలు చిక్కు వీటి పరిమాణంలో కంటే వీటిని మనం పిలిచే తీరులో ఎక్కువగా ఉంది. మా గదుల్లో ‘క్యాష్’ అన్న ఒక్క మాట కింద నాలుగు రకాల వస్తువులు కలిసిపోయాయి. సాఫ్ట్‌వేర్ తనంతట తాను రాసుకున్నవి మొదటి రకం. అవి పోతే మళ్లీ తానే రాసుకుంటుంది. రెండర్ ఫైళ్లు, మెషీన్ మీద తేలికగా ఆడేందుకు ఫుటేజ్ నుంచి చేసుకునే ప్రాక్సీలు, ఆప్టిమైజ్డ్ మీడియా అనే ప్రతులు రెండో రకం. అసలు ఫుటేజ్ చేతిలో ఉన్నంతవరకు అవి కూడా తిరిగి వస్తాయి, కానీ మన గంటలు ఖర్చవుతాయి. ఆటోసేవ్ ప్రతులు, టైటిల్ ఫైళ్లు, రంగులు దిద్ది దాచుకున్న స్టిల్స్ మూడో రకం. ఇవి క్యాష్ పక్కనే ఉంటాయి, క్యాష్ మాత్రం కావు. నాలుగోది ప్రాజెక్టు ఫైలు లేదా ప్రాజెక్టుల డేటాబేస్, మన కష్టమంతా ఉన్నది దానిలోనే. కల్లంలో వేరుశనగ తూర్పారబట్టే మనిషికి పొట్టు ఏదో గింజ ఏదో చెప్పనక్కర్లేదు, గాలి తోడుంటే కన్ను చూస్తుంది. ఇక్కడ అన్నీ ఒకే పసుపు రంగు ఫోల్డర్లుగా కనిపిస్తాయి. పైగా బరువును బట్టి విలువ కట్టే అలవాటు ఈ పనిలో పూర్తిగా తలకిందులవుతుంది. తుడిచినా నష్టం లేనివి వందల జీబీలు ఉంటాయి; ఇరవై రోజులు రాత్రింబవళ్లు కూర్చుని కోసిన ఎడిట్ మాత్రం కొన్ని ఎంబీల ఫైలులో ఇమిడి ఉంటుంది.

ఇదంతా నేను పుస్తకం చదివి నేర్చుకోలేదు. మూడేళ్ల కిందట వైశాఖంలో, ప్రొద్దుటూరులో జరిగిన ఒక పెళ్లి వీడియో చివరి దశలో ఉండగా, నా దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లవాడు మధ్యాహ్నం ఫోన్ చేశాడు. “అన్నా, ఎక్స్‌పోర్ట్ సగంలో ఆగిపోయిందన్నా, సీ డ్రైవ్ ఎర్రగా వచ్చేసింది, ఏం తీసేయమంటావు?” ఎక్స్‌పోర్ట్ అంటే పూర్తయిన ఎడిట్‌ను ఒక్క వీడియో ఫైలుగా బయటికి తీయడం. నేను అప్పుడు ఇంకో పెళ్లికి కెమెరాలు సర్దుతున్నాను. వస్తున్నాను, నువ్వేమీ ముట్టుకోవద్దని చెప్పి వెళ్లాను. ముట్టుకున్నది నేనే. యాప్‌డేటాలో ఏ ఫోల్డర్ బరువుగా ఉందో చూసి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ పేరున్న ఫోల్డర్ మొత్తాన్ని క్యాష్ అనుకుని, రీసైకిల్ బిన్‌లో కూడా మిగలకుండా షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కాను. ఎర్ర గీత నీలంగా మారింది. ఎక్స్‌పోర్ట్ మళ్లీ మొదలుపెడదామని సాఫ్ట్‌వేర్ తెరిస్తే, కొత్తగా కొన్న మెషీన్‌లో లాగా ప్రాజెక్టుల కిటికీ ఖాళీగా ఉంది.

ఆ సాఫ్ట్‌వేర్ డావిన్చి రిజాల్వ్. ప్రీమియర్‌లా అది ప్రాజెక్టులను విడి ఫైళ్లుగా మన ఫోల్డర్లలో ఉంచదు, తన సొంత లైబ్రరీలో ఉంచుకుంటుంది. ఆ లైబ్రరీ, క్యాష్ ఉన్న చెట్టు కిందనే ఇంకో కొమ్మ మీద ఉంది. నేను చెట్టునే నరికాను. ఫుటేజ్ అంతా రెండు డిస్కుల్లో క్షేమంగా ఉంది, ఒక్క క్లిప్పు కూడా పోలేదు. పోయినది పంతొమ్మిది రోజుల కోత. సాఫ్ట్‌వేర్‌లో తప్పేమీ లేదు, అది చెప్పినచోటే దాచుకుంది, నేను చదవలేదు. మెషీన్ నెమ్మదిస్తోందని ప్రాజెక్టు బ్యాకప్‌ను ఆపి ఉంచినవాణ్ణి కూడా నేనే.

రికవరీ గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మావాళ్లలో చాలామందికి పోయినది తిరిగి తెప్పించవచ్చులే అన్న ధీమా ఉంది. తిరిగే పళ్లేలున్న పాత హార్డ్ డిస్కుల్లో ఆ ధీమాకు కొంత ఆధారం ఉండేది. అక్కడ డిలీట్ చేసినా, దాని మీద వేరే ఏదైనా రాసేదాకా పాత డేటా అక్కడే పడి ఉంటుంది. ఎస్ఎస్‌డీ సంగతి వేరు. డిలీట్ చేసిన వెంటనే విండోస్, ట్రిమ్ అనే ఆదేశంతో ఫలానా భాగాలు ఇక అక్కర్లేదని డిస్కుకు చెబుతుంది. డిస్కు తన తీరికను బట్టి వాటిని లోపలే చెరిపేసుకుంటుంది. ఆ తరువాత ఏ రికవరీ సాఫ్ట్‌వేర్ వెతికినా సాధారణంగా ఖాళీయే కనిపిస్తుంది. నాకూ ఖాళీయే కనిపించింది. చివరికి, ఇంటివాళ్లకు ఫోన్‌లో చూసుకోవడానికి పంపిన చిన్న ప్రతిని పక్క తెరలో ఆడించుకుంటూ, ప్రతి కోతనూ దానితో సరిపోల్చుకుంటూ మొత్తం మళ్లీ కట్టాను. పదకొండు రాత్రులు పట్టింది. ఆలస్యం ఎందుకైందో పెళ్లికూతురి తండ్రికి దాచకుండా చెప్పినప్పుడు ఆయన అడిగింది ఒక్కటే: “మా అమ్మ అక్షింతలేసేది ఉంది కదా నాయనా?” ఉందని చెప్పగలిగాను. అది ఫుటేజ్‌లో ఉంది కాబట్టి చెప్పగలిగాను.

నా వాదన ఆ మధ్యాహ్నం నుంచే పుట్టింది. డిస్క్ నిండినప్పుడు తుడిచే మనిషి స్థిమితంగా ఉండడు. ఎక్స్‌పోర్ట్ ఆగిపోయి ఉంటుంది, బయట ఎవరో వేచి ఉంటారు, అతని కన్ను బరువైన ఫోల్డర్‌ను మాత్రమే వెతుకుతుంది, అందులో ఏముందో చూడదు. పైగా అది పని మధ్యలో ఉండే సమయం. ఆ క్షణంలో క్యాష్‌లో ఉన్నదంతా ఆ పనికే కావలసినది. కల్యాణమండపంలో దీపాల వెలుతురు చాలక గింజగింజగా వచ్చిన షాట్లకు నాయిస్ రిడక్షన్ వేసి రెండర్ క్యాష్ చేసుకున్నామంటే, ఆ రెండర్ కొన్ని గంటల కష్టం. డావిన్చి రిజాల్వ్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు క్యాష్ అయిన చిత్రాలనే వాడుకునే వెసులుబాటు ఉంది. ప్రీమియర్‌లోనూ ప్రివ్యూలను వాడుకునే టిక్కు ఉంది. ఎక్స్‌పోర్ట్‌కు ముందురోజు అవన్నీ తుడిచేస్తే, చేసిన పనినే మళ్లీ చేయమని మెషీన్‌కు చెప్పడం అవుతుంది. అదే వీడియో ఇచ్చేసి, ఇంటివాళ్లు చూసి సరేనన్న తరువాత అయితే ఆ క్యాష్ ఎవరికీ అక్కర్లేదు. అప్పుడు తుడిచే చెయ్యి వణకదు. కాబట్టి క్యాష్‌ను డిస్కులో మిగిలిన ఖాళీని బట్టి తుడవడం మానేసి, ఒక్కో పని ముగిసినప్పుడల్లా ఆ పనికి చెందినదాన్ని తుడవాలని నేనంటాను.

తుడిచే పద్ధతి గురించి నాకున్న నియమం ఒక్కటే, సాఫ్ట్‌వేర్ రాసుకున్నదాన్ని సాఫ్ట్‌వేర్ చేతనే తీయించాలి. ప్రీమియర్‌లో ఎడిట్ మెనూ చివర ప్రిఫరెన్సెస్‌లో మీడియా క్యాష్ అన్న పేజీ ఉంది. అక్కడ డిలీట్ నొక్కితే, వాడుకలో లేని ఫైళ్లు మాత్రం తీయాలా, మొత్తం తీయాలా అని అడుగుతుంది. మొత్తం తీసే మార్గం, ఏ ప్రాజెక్టూ తెరవకుండా సాఫ్ట్‌వేర్‌ను ఒట్టిగా తెరిచినప్పుడే దొరుకుతుంది. ఆ అడ్డు మన మేలుకే పెట్టారు. అదే పేజీలో, ఇన్ని రోజులు దాటినవాటిని లేదా ఇన్ని జీబీలు మించినప్పుడు పాతవాటిని దానంతట అదే తీసేసేలా పెట్టుకోవచ్చు. రోజుల లెక్కనే పెట్టుకొమ్మని నా సలహా, ఎందుకంటే జీబీల లెక్క మళ్లీ మనల్ని ఖాళీ గొడవలోకే లాగుతుంది. అక్కడ కనిపించే 90 రోజులు మా పెళ్లి పనులకు సరిగ్గా సరిపోతాయి. క్యాష్ ఉండే చోటును కూడా అక్కడే మార్చవచ్చు. సీ డ్రైవ్ నుంచి తీసి, వేరే ఎస్ఎస్‌డీ మీద, క్యాష్ తప్ప ఇంకేమీ ఉండని ఒక ఫోల్డర్‌కు మార్చుకున్ననాడు సగం ప్రమాదం పోతుంది. యూఎస్‌బీ హార్డ్ డిస్క్ మీదికి మాత్రం మార్చకండి, టైమ్‌లైన్ అడుగడుగునా ఆగుతుంది.

ప్రివ్యూలు ఆ పేజీలో పోవు. సీక్వెన్స్ మెనూలో రెండర్ ఫైళ్లను తొలగించే ఆదేశం వేరుగా ఉంది. వాటిని ఎవరైనా ఫోల్డర్‌లోకి వెళ్లి చేతితో తీసేసి ఉంటే, ప్రాజెక్టు తెరవగానే ఫలానా ఫైలు ఎక్కడుందని సాఫ్ట్‌వేర్ అడుగుతుంది. కొత్తవాళ్లు అది చూసి ఫుటేజ్ పోయిందని హడలిపోతారు. స్కిప్ ప్రివ్యూస్ నొక్కితే చాలు, టైమ్‌లైన్ మీద రెండర్ అయిందని చూపే పచ్చగీతలు మళ్లీ ఎర్రగా మారడం తప్ప నష్టమేమీ ఉండదు. ఆ ప్రివ్యూల ఫోల్డర్‌కు పక్కనే ఆటోసేవ్ ఫోల్డర్ ఉంటుందని గుర్తుంచుకోవాలి. రెండు పేర్లూ ఒకే రకంగా మొదలవుతాయి, హడావుడిలో కన్ను మొదటి మూడు మాటల దగ్గరే ఆగిపోతుంది.

టైటిళ్లకూ ఎఫెక్టులకూ వాడే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్‌లో ప్రిఫరెన్సెస్‌లోనే డిస్క్ క్యాష్‌ను ఖాళీ చేసే బటన్ ఉంది. అక్కడే డేటాబేస్‌ను శుభ్రం చేసే బటన్ కూడా ఉంది; దాన్ని నొక్కేముందు ఫుటేజ్ ఉన్న డిస్కులన్నీ తగిలించి ఉండాలి. డిస్క్ బీరువాలో ఉంటే, దానిలోని ఫుటేజ్ లేనట్టే లెక్కగట్టి, దానికి చెందిన క్యాష్‌ను కూడా తీసేస్తుంది. మళ్లీ రాసుకోవడమే కాబట్టి ప్రాణం మీదికి రాదు, కానీ నడుస్తున్న పనికి ఒక పూట దండగ.

రిజాల్వ్‌లో ప్లేబ్యాక్ మెనూ కింద రెండర్ క్యాష్‌ను తొలగించే ఆదేశం ఉంది, మొత్తమా, వాడనివా, ఎంచుకున్న క్లిప్పులవా అన్నది మన ఇష్టం. ఇక్కడ నేను చేతులు పట్టుకుని చెప్పేది ఒకటుంది. క్యాష్‌క్లిప్ అనే ఫోల్డర్, చుక్కతో మొదలయ్యే గ్యాలరీ అనే ఫోల్డర్ సాధారణంగా ఒకే డిస్కులో పక్కపక్కన కూర్చుని ఉంటాయి. మొదటిది తుడవదగినది. రెండోదానిలో మీరు రంగులు దిద్ది దాచుకున్న స్టిల్స్ ఉంటాయి. ముహూర్తం వెలుతురుకు ఒకటి, రిసెప్షన్ లైట్లకు ఒకటి అని ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న మీ పనితనం అంతా అందులోనే ఉంటుంది. తుడవడానికి ముందు ప్రాజెక్ట్ మేనేజర్‌లో ఆ ప్రాజెక్టును ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ చిన్న ఫైలును ఇంకో డిస్కులో వేయడానికి ఒక నిమిషం కూడా పట్టదు.

మా జిల్లాలో పాతకాపులు చాలామంది ఇప్పటికీ ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మీదే పనిచేస్తారు. దానిలో ప్రాజెక్ట్ ఫోల్డర్ లోపలే రెండర్ ఫైళ్లు చేరతాయి. వాటిని రెండర్ మెనూలోని తొలగింపు ఆదేశంతోనే తీయాలి. ప్రాజెక్ట్ ఫోల్డర్‌ను మొత్తంగా తీసేస్తే, వధూవరుల పేర్లు రాసుకున్న టైటిల్ ఫైళ్లు కూడా దానితోనే పోతాయి.

నా వాదనకు వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. పెద్ద డిస్క్ కొంటే ఈ బాధే లేదు కదా అంటారు. ఉన్న చోటునంతా ఆక్రమించడమే అదుపు పెట్టని క్యాష్ గుణం. 500 జీబీ నాలుగు నెలల్లో నిండితే రెండు టీబీ ఏడాదిన్నరలో నిండుతుంది, ఆ రోజున కూడా అదే మధ్యాహ్నం, అదే తొందర. ఒక్క క్లిక్కుతో అంతా శుభ్రం చేస్తామనే క్లీనర్ సాఫ్ట్‌వేర్లున్నాయి కదా అంటారు. మీ ప్రాజెక్టు ముగిసిందో లేదో వాటికి తెలియదు, తెలియని చేతికి పెళ్లివాళ్ల వీడియో అప్పగించలేను. ఎడిటింగ్ మెషీన్‌లో అలాంటివి ఉండనే కూడదని నా అభిప్రాయం. వారం వారం క్యాష్ తుడిస్తే మెషీన్ చురుకవుతుందనేవాళ్లూ ఉన్నారు. క్యాష్ ఉన్నదే పనిని చురుకు చేయడానికి. తుడిచిన తరువాత ప్రాజెక్టు తెరిచి చూడండి, శబ్దాలన్నీ మళ్లీ విప్పి రాసుకుంటూ ఎంతసేపు కూర్చుంటుందో తెలుస్తుంది. శబ్దతరంగాల బొమ్మ కనిపించకపోయినా, ఒక క్లిప్పు మాట వినిపించక మొరాయించినా, రెండర్ అయిన చోట చిత్రం చెడినా మాత్రం పని మధ్యలోనైనా తుడవవలసిందే. అది చెడిన క్యాష్, దానికి అదే మందు. అప్పుడు కూడా ప్రాజెక్టుకు ఒక ప్రతి తీసుకున్నాకే తుడవాలి.

ఇక మొదట్లో అడిగిన ప్రశ్న మిగిలింది. నిజంగానే సీజన్ మధ్యలో సీ డ్రైవ్ ఎర్రబడితే ఏం చేయాలి? ఆ రోజు క్యాష్ కాకుండా ఖాళీ చేయగలిగినవి ప్రతి మెషీన్‌లోనూ ఉంటాయి. ఎప్పుడో ఇచ్చేసిన వీడియోల ఎక్స్‌పోర్ట్‌లు డెస్క్‌టాప్ మీద ఉంటాయి. డౌన్‌లోడ్స్‌లో టెంప్లేట్ల జిప్ ఫైళ్లు, వాటిని విప్పిన ఫోల్డర్లు రెండూ ఉంటాయి. రీసైకిల్ బిన్ నిండి ఉంటుంది. ఎక్స్‌పోర్ట్ దారిని ఇంకో డిస్కుకు మార్చడానికి అర నిమిషం చాలు. ఇవన్నీ కళ్లతో చూసి గుర్తుపట్టగలిగినవి, తెరిచి చూస్తే ఏమిటో తెలిసేవి. ఆ పూట గడవడానికి కావలసినంత చోటు వీటితోనే దొరుకుతుందని ఈ మూడేళ్లలో ప్రతిసారీ చూశాను.

ఇప్పుడు మా గదిలో మెషీన్ పక్కన ఒక పొడుగాటి లెక్కల పుస్తకం ఉంటుంది. ఒక్కో పెళ్లికి ఒక పేజీ. ఫుటేజ్ ఏయే డిస్కుల్లో ఉంది, ప్రాజెక్ట్ ప్రతి ఎక్కడుంది, క్యాష్ ఏ ఫోల్డర్‌లో ఉంది, వీడియో ఇచ్చిన తేదీ ఏది, ఇంటివాళ్లు సరేనన్న తేదీ ఏది అని వరుసగా ఐదు గీతలుంటాయి. ఐదోది నిండేదాకా ఆ పెళ్లి క్యాష్‌ను ఎవరూ ముట్టుకోరు. ఆషాఢంలో గది ఖాళీ అయ్యాక ఆ పిల్లవాడూ నేనూ పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంటాం. అతను పేజీ చదువుతాడు, నేను ప్రాజెక్ట్ ప్రతిని ఇంకో మెషీన్‌లో తెరిచి, అది నిజంగా తెరుచుకుంటోందని చూసి తలూపుతాను, అప్పుడు అతను తుడుస్తాడు. పోయిన ఆషాఢంలో పద్నాలుగు పేజీలకు అడ్డగీతలు కొట్టాం. పదిహేనో పేజీలో ఐదో గీత ఇంకా ఖాళీగానే ఉంది. పెళ్లికొడుకు అన్న కువైట్ నుంచి వచ్చాక అందరూ కలిసి చూసి చెబుతామన్నారు, అందుకని ఆ 38 జీబీలు అలాగే ఉన్నాయి.